కుక్క కోసం చూపించిన కాగితం

నాకు కుక్కలంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఇది చదివి ఎవరైనా, నోరులేని జీవాల మీద ఈవిడకెంత జాలి అనుకుంటే ఆ పాపం నాకొద్దు. ఆ కుక్క మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను దాన్ని విసుక్కుంటూనే ఉన్నాను. దాని వైద్యానికి డబ్బు కోసం మద్రాసులో మూడు గుమ్మాలు ఎక్కిన రోజు కూడా విసుక్కుంటూనే ఎక్కాను.

మా నాయన బట్లరు. నుంగంబాకంలో ఒక దొర దగ్గర ఇరవై రెండేళ్ళు చేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ దొర కొన్నేళ్ళు ఇక్కడే ఉన్నాడు. ఆయన పనిచేసే కంపెనీ మనవాళ్ళ చేతికి వచ్చేసరికి ఆయనా పెట్టెలు సర్దుకుని ఓడెక్కాడు. పోతూ పోతూ నాయనకు ఒక నెల జీతం, ఒక ఉత్తరం, ఒక కుక్క ఇచ్చిపోయాడు. జీతం నెల తిరక్కుండానే అయిపోయింది. ఉత్తరమూ కుక్కా మిగిలాయి.

చింతాద్రిపేటలో మాది ఒక గది, దాని వెనక వంటకు ఒక పంచ. అందులో నాయన, అమ్మ, నేను. మా మధ్య వేలాడే చెవుల గోధుమరంగు కుక్క. దొర పెట్టిన ఇంగ్లీషు పేరు అమ్మకు నోరు తిరిగేది కాదు. "పిల్లా" అని పిలిచేది, అదీ పలికేది. దొర ఇంట్లో మాంసం తిని పెరిగిన కుక్కకు మా ఇంట్లో గంజి అలవాటు కావడానికి వారం పట్టింది. ఆ వారం నాయన కూడా సరిగ్గా అన్నం తినలేదు.

నేను అప్పటికి కార్పొరేషను బళ్ళో టీచరుగా చేరి రెండేళ్ళు. ఇంటికి వచ్చే జీతం నాదొక్కటే. నాయన పని కోసం తిరుగుతూనే ఉండేవాడు. ఇత్తడి గుండీల తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని, బిస్కెట్ల డబ్బాలో ఆ ఉత్తరం పెట్టుకుని బయల్దేరేవాడు. వెళ్ళిపోయే దొర అట్లా మంచి నడత కాగితం రాసిస్తే తప్ప బట్లరుకు ఇంకో ఇంట్లో పని పుట్టదు. నాయనకు ఇంగ్లీషు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అయినా ఆ కాగితాన్ని నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు, చెమట చేతులు తగిలితే సిరా అలుక్కుపోతుందట. "నేను చదివి చెప్తా గదా నాయనా" అంటే, "చదవాల్సినోళ్ళు చదవతారులే" అనేవాడు. చదవాల్సినవాళ్ళు చదివేవారు, తలూపేవారు, పని లేదనేవారు. రెండేళ్ళు ఇదే వరస. అంత పెద్ద ఉత్తరం చూపించినా ఎందుకు పెట్టుకోరో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో కుక్క తిండి మానేసింది. నీళ్ళు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేది. కడుపు ఉబ్బింది. నాలుగో రోజు లేవలేదు. అమ్మ నాతో అంది, "దాన్ని తీసకపోయి చూపించండి. అది పస్తుంటే ఈయనా పస్తుంటాడు. ఇద్దర్ని లేపి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు."

నేను బడికి సెలవు పెట్టాను. నాయన కుక్కను ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో కూర్చున్నాడు. ఆ లాగే మనిషి డొక్కలు చూసి నేను ఎక్కలేక పక్కన నడిచాను. పశువుల ఆసుపత్రి ఆవరణంతా మెడలు వాచిన బండెద్దులు, కుంటుతున్న జట్కా గుర్రాలు. డాక్టరు కుర్రాడే. కడుపు నొక్కి చూసి, గర్భసంచిలో చీము పట్టిందన్నాడు. కోసి తీసెయ్యాలి. సాయంత్రం నాలుగు లోపల డబ్బు కడితే ఇవాళే చేస్తాం, రేపటికైతే నేను మాట ఇవ్వలేను అన్నాడు.

కట్టాల్సింది ముప్ఫై రూపాయలు. అది నా జీతంలో సగం. అప్పుడు నెలాఖరు.

"ఉచితంగా చెయ్యరా?" అని కాంపౌండరును అడిగాను.

"బండెద్దుకి, గుర్రానికి ఉచితమమ్మా. అది పోతే ఇంటిల్లిపాదీ పస్తు గదా. కుక్కకి కట్టాల్సిందే. కుక్కల్ని సాకేది ఉన్నోళ్ళు" అని నాయన ఇస్త్రీ కోటు వైపు చూశాడు. ఆ కోటు లోపల చొక్కా లేదని ఆయనకేం తెలుసు. మనిషి మంచివాడే. నేను కదలకుండా నిలబడితే గొంతు తగ్గించి, "కీల్పాకులో ఒక ముసలి దొరసాని ఉండాది. ఇట్లాంటివాటికి ఇస్తాది. పోయి అడగండి" అన్నాడు.

వెంటనే కీల్పాకు పోవాల్సింది. నాయన ఒప్పుకోలేదు. "దొరల దగ్గర జీతం తీసుకున్నానే గాని చెయ్యి చాపలేదు పాపా. ముందు మనోళ్ళని అడుగుదాం" అన్నాడు. కుక్కను ఆసుపత్రి వరండాలో పడుకోబెట్టి, మనోళ్ళ దగ్గరికి బయల్దేరాం.

మనోళ్ళంటే మా గుడి అయ్యగారు, చర్చి పాస్టరు. బీదల కానుక పెట్టె ఆయన చేతిలో ఉంటుంది. అంతా విని చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "వానకి గుడిసెలు పడిపోయినోళ్ళే పది కుటుంబాలు ఉండారమ్మా. కుక్క కోసం పెట్టె తెరిచినానంటే ఆదివారం నేను ఆడ నిలబడి మాట్లాడగలనా?" అన్నాడు. ఆయన తప్పేమీ కాదు. తన జేబులోంచి ఒక రూపాయి తీసి ఇచ్చాడు, వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది. తర్వాత కళ్ళు మూసుకుని, వీళ్ళ ఇంట్లోని అస్వస్థతను బాగుచెయ్యమని ప్రార్థించాడు. కుక్క అన్న మాట ఎక్కడా రాకుండా అంత పొడుగు ప్రార్థన చెయ్యడం మామూలు సంగతి కాదు. నాయన మాత్రం చివర్న గట్టిగా ఆమెన్ అన్నాడు.

రెండోది దొర పాత కంపెనీ. గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారు. దొర కుర్చీలోకి వచ్చిన పెద్దమనిషి కారు ఎక్కబోతూ ఆగి, ఉత్తరం పైపైన చూసి, "ఆయన కుక్క అయితే ఆయన్నే అడగండి" అన్నాడు. కారు వెళ్ళిపోయింది. నాయన ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టుకుంటూ, "దుమ్ము పడిందేమో చూడు" అన్నాడు. కాగితం మీదనుకుని చూస్తే ఆయన కోటు వైపు చూపిస్తున్నాడు. దులిపాను. ఇంక కీల్పాకు తప్పలేదు.

బస్సు దిగి నడిచేసరికి ఒంటిగంట దాటింది. పొద్దున్నుంచి మా కడుపుల్లో అయ్యగారింటి కాఫీయే. దొరసాని బంగళా గేటులోకి వెళ్ళగానే నాయన ఇంటి వెనక్కి నడవసాగాడు.

"ఎక్కడికి నాయనా? మనం పనికి రాలేదు గదా" అన్నాను.

"ముందు వాకిలి మనది కాదు పాపా."

"అడుక్కోవడానికి కూడా దొడ్డిదోవేనా?" అని గట్టిగానే అరిచాను. ఎండకీ ఆకలికీ వచ్చిన కోపం అది. నాయన నడక ఆపలేదు. చివరికి వంటింటి వైపు నుంచే వెళ్ళాం. వంటమనిషి మమ్మల్ని పక్క వరండాలోకి తీసుకుపోయాడు.

దొరసాని బాగా ముసలిది, చేతికర్ర. నాయన మెట్ల కింద నిలబడి ఆపరేషను సంగతి చెప్పి, రెండు చేతులతో ఉత్తరం ఇచ్చాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ సగంలో మొహం మెత్తబడింది. కాగితం తిప్పేసరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాయన వెన్ను నిటారుగా పెట్టుకుని గోడవైపు చూస్తున్నాడు. నాకు ఆ నిమిషం గర్వంగానే అనిపించింది. మా నాయన ఇరవై రెండేళ్ళ చాకిరీకి ఒక మనిషి కంట నీరు వచ్చింది కదా అనుకున్నాను.

ఆమె ఉత్తరం పేము బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ రెండేళ్ళలో మొదటిసారి అది నా కళ్ళ ముందు విప్పి ఉంది. చదివాను.

నాయన గురించి మూడు లైన్లు. తాగడు, శుభ్రంగా ఉంటాడు, నమ్మదగినవాడు. ఆ తర్వాత ఆ పేజీ అంతా, వెనక పేజీలో సగం, కుక్క. పొద్దున అదేం తింటుందో, ఏ చెవి వెనక గోకితే నిద్రపోతుందో. దొర జ్వరంతో పడుకున్న పది రోజులూ అది మంచం దగ్గర్నుంచి కదల్లేదట. ఎంత విసుక్కున్నా ఎన్నడూ కోపం చూపించి ఎరగదట. ఉరుములంటే దానికి భయం, అప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అన్నిటికన్నా చివర్న, ఇతన్ని పనిలో పెట్టుకునేవారు కుక్కను కూడా చేర్చుకోవాలని, ఇద్దర్నీ విడదీయవద్దని నా మనవి అని రాసి సంతకం పెట్టాడు.

నా ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళుగా గుమ్మం తర్వాత గుమ్మం లేదన్నది ఇందుకా! కొత్త బట్లరు కావాల్సినవాళ్ళు ముసలి కుక్కను కూడా ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు? ఓడెక్కిపోయిన ఆ దొర ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. చెప్పేద్దామని నాయన వైపు తిరిగాను. ఆయన ఇంకా అట్లాగే నిటారుగా నిలబడి ఉన్నాడు. చెప్పలేకపోయాను.

దొరసాని ఒక చీటీ రాసి తెచ్చింది. ఖర్చంతా తన లెక్కలో రాయమని డాక్టరుకు. నేను ఇంగ్లీషులో థాంక్స్ చెప్పి, మా నాయనకు ఏదైనా పని ఉంటుందా అని కూడా అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చలికాలం కాగానే తనూ వెళ్ళిపోతోందట. "ఎంత మంచి కుక్క" అని మాత్రం రెండుసార్లు అంది.

మూడున్నరకు ఆసుపత్రిలో చీటీ ఇచ్చాం. లోపలికి తీసుకుపోయారు. బయట బెంచీ మీద కూర్చున్నాం. ఎద్దుల పేడ వాసన, దాని మీద మందు వాసన. నేను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. కాళ్ళు పీకుతున్నాయి. చాలాసేపటికి కాంపౌండరు వచ్చి, "బతికింది. ఇంకా మత్తు దిగలేదు. కొంచెం ఆగి పోయి చూడండి" అన్నాడు. నాయన చేతులు జోడించాడు. పొద్దున్నుంచి గట్టిగా పట్టుకునున్న డబ్బా ఒళ్ళో వదులుగా పెట్టుకున్నాడు. మూత తీసి ఉత్తరం నా చేతికిచ్చాడు.

"ఒకసారి చదువు పాపా. నీ నోట ఎప్పుడూ వినలేదు."

కాగితం విప్పాను. ముందు ఆ మూడు లైన్లు చదివాను. అక్కడితో ఆపలేను గదా, ఎదురుగా పేజీన్నర రాత కనిపిస్తోంది. కాబట్టి కుక్క గురించి రాసిందంతా ఆయన పేర చదివాను. నేను జ్వరంతో పడుకున్న పది రోజులూ ఈ మనిషి నా మంచం దగ్గర్నుంచి కదల్లేదు. నేను ఎంత విసుక్కున్నా ఎన్నడూ కోపం చూపించలేదు. ఏది పెడితే అది తిన్నాడు. ఇతన్ని వదిలిపోవడమే నాకు బాధ. చివరి మనవి వదిలేశాను, ఉరుముల సంగతీ వదిలేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాయన తల వంచుకుని వింటున్నాడు. మీసాల కింద చిన్న నవ్వు ఉంది. సంతోషపడుతున్నాడు, పోనీలే అనుకున్నాను.

అప్పుడు దూరంగా, సముద్రం వైపు, ఉరిమింది. నాయన చటుక్కున లేచాడు.

"ఉరుముల మాట వొదిలేసినావే" అన్నాడు.

"ఏ ఉరుములు?"

"దానికి ఉరుములంటే భయమని, మనిషి పక్కన ఉండాలని. వెనక పేజీలో ఉండాది. దొర రాసేటప్పుడు పక్కన నిలబడి నేనే చెప్పి రాయించినా. రాసినాక ఆయన మొత్తం చదివి వినిపించినాడు."

కాగితం వెనక్కి తిప్పి చూశాను. "దాన్ని కూడా పనిలో చేర్చుకోవాలన్నది?" అని అడిగాను.

"అదీ నేనే. వొద్దు, నీకు పని దొరకదు అన్నాడు దొర. బతిమాలినా."

"నాయనా, రెండేళ్ళు..."

"తెలుసు పాపా. నీ కష్టం తెలుసు." ఆయన నా మొహం చూడలేదు, ఆకాశం వైపు చూశాడు. "నా గురించి మూడు లైన్లు చాల్లే. నాకు నోరుండాది, పోయి అడుక్కుంటా. దాని గురించి ఇంకెవురు చెప్తారు?"

అని లోపలికి వెళ్ళిపోయాడు.

కోపం రావాలి. వచ్చింది కూడా. నా రెండేళ్ళ జీతం, అమ్మ అరగదీసుకున్న చీరలు అన్నీ కళ్ళముందు తిరిగాయి. దానితోపాటు సిగ్గు కూడా వచ్చింది, నేను అబద్ధం చదువుతుంటే ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నందుకు. ఏది ఎక్కువో తేల్చుకునే ఓపిక ఆ రోజుకు నాలో మిగల్లేదు.

ఈసారి దగ్గర్లోనే ఉరిమింది. నేను కాగితం మడిచి డబ్బాలో పెట్టి లోపలికి వెళ్ళాను. నాయన తెల్లకోటుతోనే తడి నేల మీద కూర్చుని దాని ఎడమ చెవి వెనక గోకుతున్నాడు. అది ఇంకా కళ్ళు తెరవలేదు గానీ ఒళ్ళు వణుకుతోంది. నేను ఇవతలి పక్కన కూర్చున్నాను. పక్కన ఎవరో ఒకరు ఉండాలని కాగితంలో రాసి ఉంది.