తాత ఎలా అరుస్తాడు?

మా బావ ఇంటికి వస్తున్నాడంటే ముందు దగ్గు వచ్చేది, ఆ తర్వాత ఆయన వచ్చేవాడు. మెట్ల మొదట్లో ఖళ్లుమంటే చాలు, మా అక్క పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టేది, మనవరాలు పరుగెత్తుకెళ్లి గడియ తీసేది. ఆ ఇంటికి కాలింగ్ బెల్ దండగ.

బావ ట్రాఫిక్ కానిస్టేబుల్. ఊళ్లో బస్సులూ లారీలూ అన్నీ వచ్చి పడే పెద్ద కూడలి ఆయనది. ఆయనది అని నేననడం లేదు, ఆయనే అంటాడు, తాతలనాటి ఆస్తిలాగ. పొద్దున మల్లెపువ్వులా వెళ్లిన తెల్లచొక్కా సాయంత్రానికి మసిగుడ్డై వచ్చేది. అక్క కాలరు రుద్ది, బకెట్లో నల్లనీళ్లు చూపించి, "ఇది చొక్కా మీదది. లోపలికి పోయిందాన్ని ఎవరు ఉతుకుతారు?" అనేది.

మాస్కు పెట్టుకోమంటే, "మరి ఈల ముక్కుతో ఊదనా?" అనేవాడు. నిజమే, నోట్లో ఈల ఉన్నంతసేపూ మాస్కు గడ్డం కిందే. ఈల ఊదాలంటే ముందు గుండెల నిండా గాలి పీల్చాలి. అక్కడ ఉన్నదేమో బస్సు గొట్టం వదిలిన గాలి.

రోడ్డు మీద డ్యూటీ మానకపోతే ఊపిరితిత్తులు చేతులెత్తేస్తాయని డాక్టరు చెప్పేశాడు. పైఅధికారి పాపం, కెమెరాలు చూసే గదిలో కుర్చీ ఇస్తానన్నాడు. ఈయన ఒప్పుకుంటేనా!

"తెర మీద బొమ్మలు చూస్తూ కూర్చోడానికి నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? నేను లేకపోతే ఆ కూడలి ఏమైపోతుందో తెలుసా?"

"నువ్వు లేకపోతే మా అక్క ఏమైపోతుందో తెలుసా బావా?" అన్నాను.

మర్నాడు మళ్లీ బూట్లేసుకుని కూడలికే పోయాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా!

ఒక సెలవురోజు మనవరాలితో ఆడుతున్నాను.

"కుక్క ఎలా అరుస్తుంది?"

"భౌ భౌ."

"పిల్లి?"

"మ్యావ్."

బావకి సరదా పుట్టి, "మరి తాత?" అన్నాడు.

పిల్ల ఆలోచించనైనా లేదు. నడుం వంచి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "ఖళ్ ఖళ్ ఖళ్!" అంది.

పడీపడీ నవ్వాం. బావా నవ్వాడు. ఆ నవ్వు కాస్తా దగ్గయింది, ఎంతకీ ఆగలేదు. పిల్ల చప్పట్లు కొట్టి, "చూశారా, నేను కరెక్టే చెప్పాను!" అంది. బావ దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. మర్నాడు వెళ్లి తనే ఆ కుర్చీ అడిగాడు.

కొత్తలో కూడలి మీద బెంగతో ఇంట్లో టీవీ ముందు కూడా చెయ్యి అడ్డం పెట్టి లారీలు ఆపేవాడు. దగ్గు వానాకాలమంతా సతాయించి మెల్లగా తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒకటో రెండో ఖళ్లుమనేవి.

మొన్న సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరూ?" అంది పిల్ల లోపలినుంచే.

"తాతనే, తియ్యవే."

"అబద్ధం! మా తాతైతే దగ్గుతాడు. ఏదీ, దగ్గు!"

బయట ఆయన గొంతు సవరించుకున్నాడు. చిన్న 'ఉహుఁ' మాత్రం వినిపించింది.

"అది కాదు, అసలుది!"

మళ్లీ ప్రయత్నించాడు పాపం. రాలేదు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గడియ తియ్యబోతే అక్క వంటింట్లోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు, ముఖమంతా నవ్వు.

"ఉండవే," అంది, "ఇంకోసారి అడగనీ."