నా చేతులు ఎవరి మాట విన్నాయి

నా చిన్నప్పుడు పత్తి తీతకు వెళితే మనిషికొక సాలు అప్పగించేవాళ్లు. అందరూ ఒకే వరసలో ముందుకు కదలాలి. ఎవరైనా వెనకబడితే గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డ ఆసామికి ఇట్టే కనబడేది. మర్నాడు ఆమెకు పిలుపు ఉండేది కాదు. మూడో తరగతితో బడి మానిపించి నన్నూ ఆ వరసలో నిలబెట్టారు. అప్పటికి మా అమ్మ నిండు చూలాలు. ఆమెకు పిలుపు తప్పితే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

వరసలో పాట పాడేది మా పక్కింటి అక్క. ఆమె గొంతెత్తితే మా వేళ్లు వాటంతటవే కాయల్లోకి పోయేవి. సాయంత్రం ఆసామి ఆమెకు మాత్రం చేటెడు జొన్నలు ఎక్కువ పోయించడం నేను కనిపెట్టాను. ఇక ఆ పాట నాకు తియ్యగా వినపడలేదు. మమ్మల్ని తోలే చర్నాకోల చప్పుడులా వినపడింది.

ఒకనాడు అన్నాల దగ్గర అడిగేశాను. "అక్కా, ఆ జొన్నలకే కదా నువ్వు పాడేది?"

"ఏమే, నోరు ముయ్యి" అంది అమ్మ.

అక్క మాత్రం నవ్వింది. "జొన్నలకేనే! ఊరికే పాడటానికి నేనేమన్నా కోయిలనా?"

"అయితే నీ పాటకి నేను తియ్యను. నా ఇష్టమొచ్చినట్టు తీస్తా."

"తియ్యవే, ఎవరొద్దన్నారు?" అంటూ ఒడిలోంచి ఇంత పత్తి తీసి, గింజలు వలిచి, ఉండలు చేసి నా రెండు చెవుల్లో కూరింది. చివరగా ఆమె అన్న మాట లీలగా వినపడింది: "నీ చేతులు ఎవరి మాట వింటాయో చూద్దాం."

పాట వినపడకపోయినా నా చేతులు ఆగలేదు. మొదట అక్కకు చూపించాలని తీశాను. తర్వాత ఆసామి నావైపు చూసి తల ఊపాడు, దానితో ఇంకా జోరు పెరిగింది. ఎవరూ తోలకుండానే పరిగెత్తుతున్నానని గర్వపడ్డాను. అందరూ నన్నే చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగాను.

వరస మొత్తం చాలా దూరంలో ఉంది. అందులో ఒక్కరూ ముందు లేరు, ఒక్కరూ వెనక లేరు. నడుమ మా అమ్మ ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, ఒంటిచేత్తో తీస్తోంది. చెవుల్లో పత్తి లాగేశాను. అక్క పాటను బాగా సాగదీసి పాడుతోంది. దానికి తగ్గట్టు అందరి చేతులూ అమ్మ చేతి వేగానికి దిగిపోయాయి.

"ఏమర్రా, ఆ బుడ్డదానికున్న ఊపు మీకు లేదా? ఎవరు వెనక్కి లాగుతున్నారు వరసని?" అని ఆసామి అరిచాడు. గట్టు దిగి అమ్మ వైపే నడుస్తున్నాడు.

అక్క పాట ఆపి కేకేసింది. "దాని సాలు చూడండి అయ్యా! సగం పత్తి కాయల్లోనే ఉంది."

నిజమే, ప్రతి కాయలోనూ పత్తి మిగిలే ఉంది. ఆసామి నావైపు తిరిగి నాలుగు తిట్టి, మళ్లీ మొదటినుంచి తియ్యమన్నాడు. తిట్లు నాకు పడ్డాయి గానీ, మర్నాడు కూలీలను పిలిచే మేస్త్రీ మా గుమ్మం ముందు అమ్మ పేరూ పిలిచాడు.

తిట్లు తిన్న సాయంత్రం ఇంటికి వస్తుంటే "మా అమ్మ కోసమేనా అక్కా, అంత నిదానంగా పాడావు?" అని అడిగాను.

"మీ అమ్మ పొలంలో పడిపోతే పని ఆగుద్ది. పని ఆగితే నా జొన్నలు పోతాయి" అంది. నవ్వుతూనే అంది. నేను ఇప్పటికీ ఆ మాటను పూర్తిగా నమ్మలేదు, అబద్ధమనీ అనలేను.

మొన్న మా మనవరాలు తన కాలేజీ పుస్తకంలోది చదివి చెప్పింది. పూర్వం ఫ్రాన్సు దేశంలో ఒక పెద్దమనిషి ఉండేవాడట. మనిషిని లోపల ఏదో ఒక కోరికో భయమో గర్వమో నెడుతుందనీ, తన ఇష్టంతో చేశాననుకోవడం ఒట్టి భ్రమేననీ రాశాడట. ఆయన పత్తి తీశాడో లేదో గానీ, మనుషుల్ని బాగానే అనుమానించాడు.

నాకూ అనుమానం ఎక్కువే. ఎవరైనా ఊరికే మేలు చేస్తే వెనక ఏముందా అని చూస్తాను. అంతకన్నా గట్టిగా నన్ను నేను చూసుకుంటాను. ఎదురింటి బాలింతకు పథ్యం కూర పంపేటప్పుడు, ఆ పిల్ల మీద జాలితో పంపుతున్నానా, నా చేతి వంటను నలుగురూ పొగడాలని పంపుతున్నానా అని గరిటె పట్టుకుని ఆలోచిస్తాను. ఎన్నడూ తేలదు. కూర చల్లారకముందే గిన్నె పంపించేస్తాను.