నడుమ ఖాళీ ఉన్న గండికోట

షాజహాను ఒక్క తాజ్‌మహల్ కట్టి చేతులు దులుపుకున్నాడు. అల్లాబక్ష్ నలభై ఒకటి కట్టాడు, ఒక్క రాయి మొయ్యకుండా, ఒక్క కూలీని పిలవకుండా.

ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే ఆదినారాయణతో ఈ గొప్ప చెప్పింది అల్లాబక్ష్ మనవరాలు సుమయ్యా. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, ఆ అంగట్లోనే కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే కాబట్టి నలభై ఒకటి అన్నదాన్ని మరీ నమ్మొద్దు. కట్టింది మాత్రం నిజం, గుడ్డ మీద. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక వేలాడిన తెరలు ఆయన చేతివే. కువైట్ పోయేవాళ్లు కూడా ఆ తెరల ముందు నిలబడి ఒక ఫోటో ఇంట్లో వదిలి పోయేవాళ్లు. తర్వాత ఫోన్లొచ్చాయి. ఆఖరి తాజ్‌మహల్‌ని జమ్మలమడుగులో శనగల కుప్ప మీద కప్పారు.

ఇప్పుడు ఆదినారాయణ అంగడి వాకిట్లో మనిషంత ఎత్తు స్క్రీన్ పెట్టించాడు. అందులో ఒక బొమ్మ పిల్ల "రండమ్మా, లోపలికి రండి" అని మాట్లాడుతుంది. దాని వెనక మనం ఏ బొమ్మ ఎక్కిస్తే ఆ చోట ఉన్నట్టు కనిపిస్తుంది.

"మా దాదా గీసింది పెడదాం అన్నా," అంది సుమయ్యా. "దుడ్లొద్దు, ఊరికే."

"ఊరికే అంటే సరే," అన్నాడు ఆదినారాయణ.

అల్లాబక్ష్‌కు కుడికంట్లో చూపు పోయింది. ఎడమది కూడా పోతుందనీ, మందు లేదనీ కడప డాక్టరు చెప్పేశాడు. అది పోయేలోపు తన తెర ముందు ఇంకొక్కరు నిలబడితే చూడాలని ఆయన ఆశ. నెలన్నరపాటు కూర్చుని గండికోట గీశాడు. అన్నిటికంటే ముందు నేల గీశాడు. నేల బరువుగా ఉండాలట. కాలు మోపితే మొయ్యాలట.

సుమయ్యా దాన్ని ఫోటో తీసి స్క్రీన్‌కు ఎక్కించింది. ఎర్రటి కొండలు, లోయలో పెన్న, పైన కోటగోడ. నడుమ మాత్రం మనిషంత మేర ఉత్త మట్టిరంగు. బొమ్మ పిల్లేమో కుడివైపు మూలన నిలబడి చెయ్యి ఊపుతోంది. ఎడమవైపు చీరెలు వచ్చి పోతున్నాయి.

చీరెకొచ్చిన స్వర్ణలత వాకిట్లోనే ఆగిపోయింది. "ఏందప్పా ఇది, కోటను నడుమ గొడ్డు నాకినట్టుందే?"

"మామా, ఈడ గియ్యడం మర్చిపోయినావా?" అన్నాడు ఆదినారాయణ, తెర చూసుకోను వచ్చిన అల్లాబక్ష్‌తో.

"మర్చిపోయేదేంది? మనిషి నిలబడే చోటది. మనిషి వెనకాల ఎవరు చూస్తారని గియ్యాల? ఆ పాపను నడుమకు రమ్మను."

"నడుమకొస్తే చీరెలు యాడ చూపియ్యాల మామా?"

యాభై ఏండ్లు నడుమ ఖాళీ వదిలి గీసిన చెయ్యి అది. రెండు దినాలు గడువిస్తే పూడుస్తానన్నాడు అల్లాబక్ష్. ఇచ్చాడు ఆదినారాయణ. ముసలాయన తెర ముందు పీట వేసుకుని, అటు పెన్నను ఇటు పెన్నతో కలపబోయాడు. ఎడమకంటికి ఒడ్డు అందలేదు. నీళ్లు కొండెక్కి కోటగోడలోకి పోయాయి. సుమయ్యా గుడ్డ తెచ్చి ఆయన చేతికిచ్చింది. దాంతోనే ఆయనకు అర్థమైంది. కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి మూత వేశాడు.

మూడో దినం ఎండకు ప్రొద్దుటూరు రోడ్ల మీద తారు కరుగుతుంటే, బొమ్మ పిల్ల ఆదినారాయణ పెట్టించిన మంచుకొండ ముందు నిలబడి "రండమ్మా" అంటోంది.

సుమయ్యా ఊరుకోలేదు. పూడ్చక ముందు తీసిన గండికోట ఫోటోను తన ఫోన్‌లో పెట్టి, అలాంటి బొమ్మ పిల్లనే ఒకదాన్ని నడుమ పెట్టి, దాని చేత ఒక మాట కూడా చెప్పించింది. సరిగ్గా ఖాళీలో కుదిరింది.

"అల్లాబక్ష్ గారూ, మీ కోట చాలా బాగుంది," అంది బొమ్మ.

"సూడు దాదా! షాజహాన్‌కు గూడా ఎవురూ ఇట్ల చెప్పుండరు."

అల్లాబక్ష్ ఫోన్‌ను రెప్ప తగిలేంత దగ్గర పెట్టుకున్నాడు. వేలితో కింద తడిమాడు.

"కాళ్లేవి?"

"నడుము దాంకే ఉంటాది దాదా ఈ బొమ్మ."

"కాళ్లు లేనిదానికి నా నేలెందుకే? తీసెయ్యి. పోయి బువ్వ పెట్టు."