ఉట్నూరు అడవిలో ఎనభై ఆరు పశువుల లెక్క

ఆగస్టులో ఉట్నూరు దగ్గరి ఒక గూడెంలో ఇంటింటికీ తిరిగి పశువులెన్నని అడిగితే మొత్తం అరవై రెండు తేలాయి. అదే సాయంత్రం వాగులో నీళ్లు తాగుతున్న మందను చూస్తే అంతకన్నా చాలా ఎక్కువే కనిపించాయి. నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో గణాంకశాస్త్రం చెబుతాను. కాగితాలు సరిగ్గా లేని చోట పశుసంపదను అంచనా వేయాలంటే యజమానిని అడగడం మేలా, మందను కళ్లారా లెక్కపెట్టడం మేలా అన్నదే నా పరిశోధన. ఆ తేడా ఎక్కడిదో తెలియకపోతే రాసిందంతా వట్టిదే అనిపించి నవంబరులో మళ్లీ బయలుదేరాను.

కరీంనగర్ నుంచి లక్సెట్టిపేట వెళ్లి, అక్కడ బస్సు మారి, జన్నారం మీదుగా ఉట్నూరు చేరడానికి నాకు దాదాపు ఐదు గంటలు పట్టింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. జన్నారం దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు అడవి దగ్గరికొచ్చేస్తుంది. ఉట్నూరులో లాడ్జి గదికి ఎనిమిది వందలు ఇచ్చాను. మర్నాడు ఉదయం ఆరింటికి డ్రైవరు మాజిద్ భాయ్ జీపు తెచ్చాడు. రోజంతటికీ రెండు వేల రెండు వందలకు మాట్లాడుకున్నాం. మట్టి రోడ్డు ఎక్కగానే అన్నాడు: "మేడం, పొద్దు గూకకముందే వాపస్ రావాలె. గీ నడుమ మహారాష్ట్ర దిక్కుకెళ్లి ఒకటి వచ్చింది. పోయిన వారం పక్క ఊర్ల ఎద్దును కొట్టింది." ఏది వచ్చిందని అడగబోయి ఆగిపోయాను. అప్పటిదాకా చల్లగాలికి తీసి ఉంచిన జీపు పరదాను నాకు తెలియకుండానే దించుకున్నాను.

ఏడున్నరకు గూడెం చేరాం. గూడెం పెద్ద, పటేల్ భీంరావు గారింట్లో జొన్నరొట్టె, కారం పెట్టారు. తిని వెళ్లేసరికి పశువులన్నీ గూడెం చివర మైదానంలో గుమిగూడి ఉన్నాయి. వాటిని రోజూ అడవికి తోలుకెళ్లేది జంగుబాయి. నలభై ఏళ్లుంటాయి, భుజాన గొడ్డలి. రెండు కంచెల మధ్య ఇరుకు దారిలోంచి మందను పంపిస్తుంటే నేనొక పక్క, భీంరావు మరో పక్క లెక్కపెట్టాం. నాకు ఎనభై నాలుగు వచ్చాయి, ఆయనకు ఎనభై ఆరు. మందను వెనక్కి తిప్పమన్నాను. ఒక్కోదాని వీపు మీద గొర్రెలకు వేసే ఎర్రరంగు పూసి మళ్లీ లెక్కపెడతానన్నాను.

జంగుబాయి చేలకు అవతల లేస్తున్న దుమ్ము చూపించింది. "పక్క గూడెం మంద పోతుంది బాయీ. దినాం మేం కలిసే పోతం. జల్ది కానియ్."

"ఇంకో పావుగంట," అన్నాను.

పావుగంట కాదు, గంటన్నర పట్టింది. లెక్క ఎనభై ఆరని తేలింది. నేను సంబరంగా రాసుకుంటుంటే జంగుబాయి మందను ఒంటరిగా తోలుకుని అడవిలోకి వెళ్లింది. అప్పటికి దుమ్ము ఎక్కడా లేదు.

సాయంత్రం ఐదున్నరకు రావలసిన మంద రెండున్నరకే వచ్చింది. నడిచి కాదు, పరుగెత్తుకుంటూ. తోకలు లేచి ఉన్నాయి, నోళ్ల నుంచి నురగ కారుతోంది. ఒక దూడ ముళ్లకంచెలో పడి లేచింది. వాటి వెనక జంగుబాయి లేదు. గూడెం అంతా బయటికొచ్చింది. నేను వేలు చూపిస్తూ లెక్కపెట్టాను. ఎనభై ఐదు. మరెవరూ లెక్కపెట్టలేదు. మంద మీద ఒక్కసారి చూపు తిప్పి, భీంరావు భార్య అంది: "మా ఎర్రావు రాలే. అది ఇయ్యాల రేపు ఈనేది."

భీంరావు మొహం పాలిపోయింది. "ఈనే ఆవును ఇడిసి జంగుబాయి రాదు. ఆవు కాడనే ఉన్నది."

పదిహేను మంది గొడ్డళ్లు, ఖాళీ డబ్బాలు తీసుకున్నారు. నన్ను జీపులో కూర్చోమన్నారు. కానీ మాజిద్ భాయ్ కూడా వాళ్లతో నడిచాడు. అద్దాలు లేని ఆ బండిలో ఒంటరిగా కూర్చోవడం కన్నా మనుషుల మధ్య నడవడమే నయమనిపించి నేనూ వెళ్లాను. డబ్బాల మోత ఆగినప్పుడల్లా అడవి నిశ్శబ్దం చెవుల్ని నొక్కేది. ఎక్కడో కొండముచ్చు ఆగి ఆగి అరుస్తోంది. వాగు ఇసుకలో భీంరావు వంగి చూశాడు. నా అరచేయంత అడుగు. దాని గుంటలోకి నీరు ఇంకా ఊరుతోంది. ఎవరూ ఆ జంతువు పేరు పలకలేదు. పొద్దున నేనన్న 'ఇంకో పావుగంట' తప్ప నా తలలో మరేమీ లేదు.

అంతలో వాగు ఒడ్డు మీది నుంచి బొంగురు గొంతు వినిపించింది. ఒక పెద్ద బండకు వీపు ఆనించి జంగుబాయి నిలబడి ఉంది, రెండు చేతులతో గొడ్డలి పట్టుకుని. ఆమె కాళ్ల దగ్గర తడి ఆరని దూడ. ఎర్రావు దాన్ని నాకుతోంది.

"అది కనబడలే," అంది. "గొడ్లన్నీ ఒక్కసారే తలలెత్తినయ్, ఉరికినయ్. ఇది పండుకునే ఉన్నది, లేవలే. పొదల మూడుమార్లు కదిలింది. అప్పటిసంది ఒర్రుతనే ఉన్న."

దూడను భీంరావు మెడ మీద వేసుకున్నాడు. ఆవు దాని వెంట నడిచింది. నాలుగున్నరకు గూడెం చేరాం. నేను జంగుబాయి చేతులు పట్టుకున్నాను. ఆమెవి చల్లగా, నావి అంతకన్నా చల్లగా ఉన్నాయి. "తప్పు నాది," అన్నాను.

"నీదే," అంది ఆమె. కోపంగా కాదు. "నీ లెక్క నిలవడుమంటది. గొడ్డు ఆకలికి నిలవడదు."

జీపు ఎక్కేముందు, ఆగస్టులో అరవై రెండని ఎందుకు చెప్పారని భీంరావును అడిగాను. "లెక్క రాసుకున్నోళ్లు రేపు అడవిల మేపొద్దని కాయిదం తెస్తరని భయం, బాయీ. నువ్వెవరో మాకేం ఎరుక?" అన్నాడు.

తిరుగు దారిలో రాసుకున్న కాగితాలు తెరిచి చూసుకున్నాను. అడగడం, చూడడం అనే రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చడానికి వెళ్లాను. అడిగితే నా వల్ల వాళ్లకు భయం. చూద్దామని మందను ఆపితే నా వల్ల వాళ్లకు ప్రమాదం. ఎనభై ఆరు సరైన అంకే, దూడతో కలిపి ఎనభై ఏడు. కానీ ఆ అంకెను నా వ్యాసంలో రాసినప్పుడు, దాని కోసం ఒక మనిషిని గంటన్నర ఆలస్యంగా అడవికి పంపానని కూడా కింద రాశాను. ఆ వాక్యం తీసేయమని ఒక సహోద్యోగి సలహా ఇచ్చాడు. తీయలేదు.

ఇలాంటి పనికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ముందురోజే వెళ్లి కాపరితో మాట్లాడుకోండి, మంద కదిలే వేళకు ముందే ఇరుకు దారి పక్కన నిలబడి, పోతున్న పశువులను ఫోన్‌లో వీడియో తీసుకోండి. ఎన్నిసార్లైనా ఇంటికొచ్చి లెక్కపెట్టుకోవచ్చు. మందను మాత్రం ఆపకండి.