లాంచీలో పట్టుకున్న చెయ్యి

దయ్యాలున్నాయని ఎవరైనా చెబితే పడీ పడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా ఉన్నాయని అనను గానీ, నవ్వడం మాత్రం మానేశాను.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. చిన్నప్పుడు మా బావిలో ఈత నేర్పుతూ మా నాయన ఒకటే మాట చెప్పేవాడు. "మునిగేవాడు నిన్ను పట్టుకుంటే ముందు తన్ని విడిపించుకోరా. ఆ వెంటనే తిరిగొచ్చి, వెనక నుంచి జుట్టు పట్టి లాగు. ఊరికే వదిలేసి పోబాక."

పోయిన ఎండాకాలం అత్తగారి ఊరు ఆత్మకూరు వెళ్ళాను. సోమశిల డ్యాములో నీళ్ళు తగ్గి, ఎప్పుడో మునిగిపోయిన లాంచీ కప్పు బయటపడిందని మా బావమరిది శ్రీను చెప్పాడు. లోపలికి దూరి వీడియో తియ్యాలని నాకు ఒకటే యావ. శ్రీనుకి ఈత రాదు. "వాణ్ణి నీళ్ళలోకి దించబాకయ్యా" అని మా ఆవిడ పదిసార్లు చెప్పి పంపింది.

మిట్టమధ్యాహ్నం. శ్రీను గట్టు మీద తుమ్మచెట్టు నీడన కూర్చుని చెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. వాణ్ణి దిగొద్దని చెప్పి, నేను ఈత అద్దాలు పెట్టుకుని, నీళ్ళు దూరని కవర్లో ఫోను మెళ్ళో వేసుకుని దిగాను. లాంచీ గట్టుకు దగ్గరే, లోతూ తక్కువే. కిటికీలోంచి లోపలికి దూరాను. అడుగంతా బురద, ఒక బెంచీ, తుప్పు పట్టిన స్టీరింగు. అంతే.

బయటికి వస్తుంటే నా చీలమండను ఎవరో పట్టుకున్నారు. అయిదు వేళ్ళూ తెలిశాయి. నా మాట వినకుండా శ్రీను దిగాడనుకున్నాను. వాడే అనుకుని కూడా బలం కొద్దీ తన్నాను. కాలికి మెత్తగా తగిలి, పట్టు వదిలింది.

పైకి తేలాక నాయన మాట గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు. కానీ వచ్చింది. అయినా వెనక్కి వెళ్ళలేదు, గట్టు వైపు ఈదాను. ఇది రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

తలెత్తి చూస్తే శ్రీను చెట్టు కిందే ఉన్నాడు. చొక్కా పొడిగా ఉంది, ఒళ్ళో చెనక్కాయల పొట్టు ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"తన్నితే తన్నినావులే బావా. మళ్ళా ఎందుకు రాలేదు?"

ఏందిరా నువ్వన్నది అని గద్దిస్తే, తానేమీ అనలేదన్నాడు. ఈరోజుకీ అదే మాట. వీడియోలో మురికి నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ లాంచీ ఖాళీగానే మునిగిందట, అందులో ఎవరూ పోలేదట. నన్ను పట్టుకున్నదేమిటో, ఆ మాట అడిగిందెవరో నాకు అంతు పట్టలేదు.

ఈ ఎండాకాలం తన తమ్ముడు శ్రీనుకి ఈత నేర్పమని మా ఆవిడ పోరుతోంది.

"నువ్వు పక్కనుంటే నాకేం భయం లేదు" అంటోంది.