ఆకుపచ్చ సిరాతో నలభై వరుసలు

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే ముందుగా నవ్వేది నేనే. ఫోర్ట్రాన్‌లో ప్రోగ్రాములు రాసి బతికేదాన్ని. లెక్కకు అందనిది ఒకటి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

ఎనభైల మొదట్లో తిరువళ్లూరు నుంచి రోజూ లోకల్ రైల్లో మద్రాసు వెళ్లి, వంతెనలు డిజైన్ చేసే ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని. నాకు పని నేర్పింది తిరుత్తణి భూషణం అన్న. దూలాలు ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే మా పెద్ద ప్రోగ్రాం ఆయన రాసిందే. మేనేజరుతో గొడవపడి ఆయన ఉద్యోగం మానేశాడు. ఆ ఏడే కొత్త కంప్యూటర్ వచ్చింది. పాత ప్రోగ్రాం దాని మీద కంపైల్ కాక నడవలేదు. సరిచేసే పని నాకు అప్పగించారు.

మూడు వారాలు కూర్చుని తప్పులు ఒక్కొక్కటే తీసేశాను. ఒక్క భాగం మిగిలింది. అది పాత యంత్రం సొంత భాషలో ఉంది, నాకు రాదు. దాన్ని వివరించే నోట్‌బుక్ బీరువాలో లేదు. నెలాఖరుకు ప్రోగ్రాం నడవకపోతే నా ఉద్యోగం ఉండదని మేనేజర్ తేల్చి చెప్పాడు.

ఒక బుధవారం సెలవు పెట్టి తిరుత్తణిలో అన్న ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలు. తలుపు తీసే ఉంది. అన్న ఒక్కడే ముందుగదిలో బల్ల దగ్గర ఉన్నాడు.

“రామ్మా, కూర్చో,” అన్నాడు.

ఎందుకొచ్చానో అడగలేదు. ఆ మిగిలిన భాగం ఉన్న కాగితం నా చేతిలోంచి తీసుకుని, దాని వెనక ఆకుపచ్చ సిరాతో ఫోర్ట్రాన్‌లో నలభై వరుసలు రాసిచ్చాడు. మంచినీళ్లయినా ఇవ్వలేదేమని అనుకున్నాను, అంతే.

మర్నాడు ఆ వరుసలు ఎక్కిస్తే ప్రోగ్రాం మొదటిసారికే నడిచింది. పాత జవాబులతో పోల్చాను. మూడో దశాంశం దాకా సరిపోయాయి.

నెల తర్వాత పండ్లు తీసుకుని మళ్లీ వెళ్లాను. అన్న చిక్కిపోయి మంచం మీద ఉన్నాడు. నేను వచ్చిపోయిన సంగతి చెబితే వాళ్లావిడ తెల్లబోయింది.

“ఆ బుధవారమా? యాడమ్మా! ఈయనకు కడుపులో ఆపరేషన్ అయి వేలూరు ఆస్పత్రిలో ఉంటిమి. ఇంటికి పదైదు దినాలు తాళమే.”

బ్యాగులోంచి కాగితం తీసిచ్చాను. అన్న దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“రాత నాదే. నేను రాయలా,” అన్నాడు. “ప్రోగ్రాం నడిచిందా?”

నడిచిందన్నాను. ఆయన మొహం మాడిపోయింది.

“ఆ నోట్‌బుక్కు ఎత్తుకొచ్చింది నేనే. నేను లేకుండా అది నడవకూడదనే ఎత్తుకొచ్చినా. నువ్వొచ్చి అడిగినా ఇచ్చుండను.”

“నా ఉద్యోగం పోయేదన్నా.”

“నీ నెత్తినే పడుతుందని తెలుసు,” అని గోడవైపు తిరిగాడు.

పండ్లు అక్కడే పెట్టి వచ్చేశాను. స్టేషన్లో రెండు రైళ్లు వెళ్లిపోయినా లేవలేకపోయాను. తాళం వేసిన ఇల్లు గుర్తొచ్చి కాదు. చెయ్యి పట్టి పని నేర్పిన మనిషి, తెలిసి తెలిసి నన్ను ముంచబోయాడు.

ఆ మధ్యాహ్నం నన్ను కూర్చోబెట్టి సాయం చేసింది ఎవరో ఇన్నేళ్లయినా చెప్పలేను. అన్న మాత్రం కాదు.