ముళ్ళు తీసే చెయ్యి

ఆ రోజు నేను తెచ్చిన బొచ్చె చేప ఎనిమిది కిలోలు. దాని తోక సంచిలోంచి బయటికొచ్చి, బెళుగుప్ప బస్సులో పక్కాయన మోకాలిని దారి పొడుగునా కొడుతూనే ఉంది. సరే, ఎనిమిది కాదు, కిలోన్నర. కొట్టనూ లేదు. చచ్చిన చేప ఎవర్ని కొడుతుంది?

కళ్యాణదుర్గంలో ఐసుపెట్టెలోంచి తీయించి తెచ్చాను. మా చెరువు అడుగున తుమ్మచెట్లు మొలిచి చాలా కాలమైంది. మాకు చేప అంటే ఐసుపెట్టెలో వచ్చేదే.

తెమ్మన్నది నా మనవరాలు, కూతురి కూతురు. బెంగళూరులో ఉద్యోగం. నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది.

"చేప కాల్చి శాండ్‌విచ్ చేస్తా తాతా. మయొనైస్ నేనే తెచ్చినా."

నేను మొహం గంభీరంగా పెట్టాను. "నువ్వు తినుమ్మా. మీ అవ్వ పోయినప్పటి నుంచి నేను చేప ముట్టేది లేదు. మొక్కు."

రెండేళ్ళుగా ఊరంతా ఈ మాటే చెప్పుకొస్తున్నాను. విన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఒకామె నన్ను చూపించి తన మొగుణ్ణి తిట్టింది కూడా.

"యా దేవునికి మొక్కుకున్యావు?"

"అందరికీ."

"నిన్న కోడికూర రెండుసార్లు ఏయించుకుంటివే. మొక్కు చేపకొక్కదానికేనా?"

నేను పోయి రోటి ముందు కూర్చున్నాను. వేయించిన శెనక్కాయలు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి ఊరిబిండి నూరాను. ఆ పిల్ల రెండు గరిటెలు తీసుకుని తెల్లటి మయొనైస్‌లో కలిపింది. తొలి వానకు తడిసిన మా చేను రంగు వచ్చింది. పెరట్లో నిప్పుల మీద జాలీ వేసి, ఉప్పూ కారం పట్టించిన ముక్కలు కాల్చింది. ఆ వాసనకు నా మొక్కు సగం కరిగింది.

"తాతా, ముళ్ళకు భయపడి కదా నువ్వు తినంది?"

"ఎవరు చెప్పింది?"

"అవ్వే. 'మీ తాతకు ముల్లు తీసుకోను రాదే. నేను పోతే చేప మానేస్తాడు, సూడు' అని నగుతాండె."

ఇక దాచి లాభం లేదు. నలభై ఏళ్ళు నా కంచం పక్కన కూర్చుని ముళ్ళు తీసింది ఆమే. బొటనవేలితో ముక్కను మెల్లగా నొక్కి, దారప్పోగులాంటి ముల్లును కూడా పట్టేది. తెల్లటి కండ నా సంగటి పక్కన పెట్టి, ముళ్ళను కంచం అంచున వరుసగా పేర్చేది. నేనేమో తింటూ, ఇంటికొచ్చిన వాళ్ళతో "చేప తినేది నా దగ్గర నేర్చుకోండప్పా" అనేవాణ్ణి. ఈ రెండేళ్ళూ నా నాలుక అడిగింది చేపను కాదు, ఆ వేలిని.

"ఈ పొద్దు నేను తీస్తా" అన్నాను.

బ్రెడ్డు మధ్య ముల్లుంటే కంటికి కనపడదు. అందుకని ముందు ఆ పిల్ల ముక్కలు పట్టుకున్నాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, వేలితో తడుముతూ తీశాను. ఆ పిల్ల ఊరిబిండి మయొనైస్ పూసి, చేప పెట్టి, పొగలు పోకముందే కొరికింది.

"అబ్బ! అదిరిపోయింది తాతా. నువ్వూ తిను."

నా వంతు ముళ్ళు తీసేసరికి ముక్కలు చల్లబడ్డాయి. పెనం మీద కాల్చిన బ్రెడ్డు కూడా మెత్తబడింది.

"ఇట్లియ్యి తాతా, వేడి చేస్తా."

"వద్దులే."

నలభై ఏళ్ళలో నా భార్య వేడి వేడి చేప తినగా ఒక్కసారైనా చూశానా అని గుర్తు తెచ్చుకోబోయాను. నా ముళ్ళన్నీ తీశాకే ఆమె తన కంచం దగ్గరికి లాక్కునేది. ఒక్క పూట కూడా గుర్తుకు రాలేదు. ఇందులో నేను పెంచి చెప్పింది ఏమీ లేదు.

ఆ శాండ్‌విచ్‌ను చల్లగానే తిన్నాను. ఒక ముల్లు తగిలింది. తీసి కంచం అంచున పెట్టాను.